బెంగళూరులో ఇంటి పునాది: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో సైటు కొని ఇల్లు మొదలుపెట్టే తెలుగు కుటుంబాలకు పునాది దగ్గరకొచ్చేసరికి దాదాపు ఇవే సందేహాలు వస్తుంటాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీ ఇల్లు ఏ దశలో ఉంటే ఆ భాగానికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. అన్నిటిలోనూ నేను పట్టుబట్టేది ఒక్కటే. పునాది రకాన్ని మీ సైటు కింద ఉన్న మట్టి, దాని మీద పడే బరువు నిర్ణయించాలి. పక్కింటివాళ్లు ఏం వేశారన్నది, మన ఊళ్లో ఏది అలవాటన్నది లెక్కలోకి రాకూడదు.

## సైటు చూసే దశ

బెంగళూరంతా ఎర్రమట్టి, గట్టి నేల అంటారు కదా, ఇంక సాయిల్ టెస్ట్ ఎందుకు?

నగరంలో చాలా భాగానికి ఆ మాట నిజమే. పైన ఎర్రమట్టి, దాని కింద మెత్తబడిన రాయి, ఇంకా కిందికి వెళ్తే గ్నైస్ అనే గట్టి రాయి. లాల్‌బాగ్ గుట్ట మీద బయటికి కనిపించేది ఆ రాయే. కానీ ఆ రాయి ఎంత లోతులో తగులుతుందో వీధి వీధికీ మారిపోతుంది. పైగా ఇది చెరువుల నగరం. మెజెస్టిక్ బస్టాండ్ ఉన్నచోట ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు ఉండేది. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు జాగాలో కట్టారు. అంత పేరున్న చెరువులే పోయాయంటే, పేరు తెలియని కుంటలు, చెరువు కింది పొలాలు ఎన్ని లేఅవుట్లుగా మారి ఉంటాయో ఆలోచించండి. అలాంటి చోట పైన రెండు మూడడుగులు తెచ్చిపోసిన ఎర్రమట్టే కనిపిస్తుంది. కింద మాత్రం బూడిదరంగు బంకమట్టి, పూడిక ఉంటాయి. నిలబడి చూస్తే ఎంత అనుభవమున్న మేస్త్రీకైనా తెలియదు.

చెరువు జాగా అవునో కాదో కొనకముందే ఎలా కనుక్కోవాలి?

సర్వే నంబర్ పట్టుకుని రెవెన్యూ గ్రామ పటం చూడండి. పాత చెరువులు, రాజకాలువలు (వాన నీరు పారే పెద్ద కాలువలు) అందులో గీసి ఉంటాయి. ఒకసారి గట్టి వాన కురిసిన మర్నాడు సైటుకు వెళ్లండి. 2022 సెప్టెంబర్ వానలకు బెళ్లందూరు, ఔటర్ రింగ్ రోడ్డు వైపు పల్లపు లేఅవుట్లు ఎలా మునిగాయో అందరం చూశాం. ఆ వీధిలో ఎవరైనా గోతులు తవ్విస్తుంటే అడిగి లోపలికి తొంగిచూడండి. గోతి గోడలో మట్టి పొరలు పుస్తకంలా కనిపిస్తాయి. పటంలో చెరువో కాలువో సైటు మీదుగా వెళ్తుంటే మట్టి సంగతి తర్వాత, ముందు లాయర్‌కు చూపించండి.

సాయిల్ టెస్ట్‌లో ఏం చేస్తారు? రిపోర్టులో మేం ఏం చూడాలి?

మూడు కాళ్ల స్టాండ్ నిలబెట్టి నేలలోకి బోరు వేస్తారు. సాధారణంగా ప్రతి ఒకటిన్నర మీటరుకు ఆగి, బోరు అడుగున ఒక గొట్టం ఆనించి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. గొట్టం దిగిన మొదటి 15 సెంటీమీటర్లను లెక్కించరు. తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి పడిన దెబ్బల సంఖ్యే ఎన్ విలువ. నాలుగైదు దెబ్బలకే దిగిపోతే మెత్తటి నేల. ముప్పై దాటితే గట్టి నేల. యాభై కొట్టినా దిగకపోతే రాయో, రాయిలాంటి పొరో తగిలినట్టు. మీరు పక్కనే నిలబడి దెబ్బలు లెక్కపెట్టుకోవచ్చు, అందులో మొహమాటం అక్కర్లేదు.

రిపోర్టు చేతికొచ్చాక మూడు విషయాలు చూడండి. మొదటిది ఎస్‌బీసీ, అంటే నేల సురక్షితంగా మోయగల బరువు. అది చదరపు మీటరుకు ఎన్ని టన్నులన్నది ఒక్కటే చాలదు, ఏ లోతులో అన్నది కూడా ఉండాలి. రెండోది ఊట నీరు ఎంత లోతులో ఉంది, ఏ నెలలో చూశారు. మూడోది బంకమట్టి ఉంటే దాని ఉబ్బే గుణం. ఆ గుణాన్ని కొలిచే ఫ్రీ స్వెల్ అంకె 50 శాతం దాటితే ఇంజినీర్ ఆ మట్టిని మామూలు మట్టిగా చూడకూడదు. థర్టీ ఫార్టీ (30 అడుగులు, 40 అడుగులు) సైటుకు ఒక్క బోరు చాలంటారు. ఎదురెదురు మూలల్లో రెండు వేయించమనే నా సలహా, ముఖ్యంగా సైటు వాలుగా ఉన్నా, నింపిన మట్టి అని అనుమానం ఉన్నా.

## ఏ రకం వేయాలో తేల్చే దశ

అసలు పునాదులు ఎన్ని రకాలు?

ఇళ్ల వరకు రెండు కుటుంబాలు. గట్టి నేల దగ్గర్లోనే దొరికితే బరువును అక్కడే పరిచేవి మొదటి రకం. గోడ పొడవునా వెళ్లే రాతి పునాది, ఒక్కో పిల్లర్ కింద విడి ఫుటింగ్ (బరువును నేల మీద పరిచే వెడల్పాటి కాంక్రీట్ దిమ్మ), రెండు పిల్లర్లకు కలిపి వేసే కంబైన్డ్ ఫుటింగ్, ఇల్లంతటి కిందా పరిచే రాఫ్ట్ ఇందులోకి వస్తాయి. గట్టి నేల బాగా లోతుగా ఉంటే బరువును అక్కడిదాకా దింపే పైల్స్, అంటే నేలలోకి దిగే పొడవాటి కాంక్రీట్ స్తంభాలు, రెండో రకం. వీటిలో ఏదీ గొప్పది కాదు, ఏదీ తక్కువది కాదు.

సైజు రాళ్ల పునాది ఇప్పటికీ పనికొస్తుందా?

గోడలే బరువు మోసే ఇల్లయితే, ఒకటి రెండు అంతస్తుల వరకు, గట్టి ఎర్రమట్టి మీద నిక్షేపంగా పనికొస్తుంది. బెంగళూరు చుట్టుపక్కల గ్రానైట్ దొరుకుతుంది కాబట్టి పాత బసవనగుడి, మల్లేశ్వరం ఇళ్లలో చాలావాటికి రాతి పునాదులే ఉంటాయి. పని నాణ్యత మాత్రం దగ్గరుండి చూసుకోవాలి. రాళ్ల మధ్య ఖాళీల్లో సిమెంటు మాలు నిండుగా పోశారా, గోడ మందాన్ని అడ్డంగా పట్టి ఉంచే పొడుగు రాళ్లు అక్కడక్కడా వేశారా అన్నదే దాని బలం. చాలాచోట్ల రెండు పక్కలా మంచి రాళ్లు పేర్చి, మధ్యలో చిన్న ముక్కలు పోసేసి పైన మాలు పూస్తారు. నాలుగంతస్తుల అద్దె ఇల్లు కట్టాలనుకుంటే దీన్ని మర్చిపోండి, పిల్లర్లకే వెళ్లండి. పిల్లర్ల ఇంట్లో కూడా ప్లింత్ (నేల మట్టం నుంచి ఇంటి ఫ్లోరు దాకా ఉండే ఎత్తు భాగం) కింద మట్టిని ఆపడానికి సైజు రాళ్ల కట్టడం వేస్తుంటారు, అది వేరే పని, బరువు మోసేది కాదు.

మా కాంట్రాక్టర్ అన్ని పిల్లర్లకూ ఐదు అడుగుల ఫుటింగ్ అంటున్నాడు. సరిపోతుందా?

లెక్క వేసి చూద్దాం. పిల్లర్ల మధ్య 12 అడుగుల దూరం అనుకుంటే, ఒక లోపలి పిల్లర్ మీద పడేది 144 చదరపు అడుగుల బరువు, అంటే 13.4 చదరపు మీటర్లు. స్లాబు, బీములు, గోడలు, టైల్స్, మనుషులు, సామాను అంతా కలిపి ఒక్కో అంతస్తుకు సుమారు 15 టన్నులు వేసుకోవచ్చు. గ్రౌండ్ ప్లస్ త్రీ అంటే నాలుగు స్లాబులు, 60 టన్నులు. ఫుటింగ్ సొంత బరువుకు పది శాతం కలిపితే 66.

ఎస్‌బీసీ చదరపు మీటరుకు 20 టన్నులైతే 3.3 చదరపు మీటర్ల ఫుటింగ్ కావాలి. అంటే ఒక్కో పక్క దాదాపు 6 అడుగులు. అదే ఎస్‌బీసీ 10 టన్నులే అయితే 6.6 చదరపు మీటర్లు, ఒక్కో పక్క ఎనిమిదిన్నర అడుగులు. ఇల్లు అదే, పిల్లర్ అదే, మట్టి మారితే ఫుటింగ్ వైశాల్యం రెట్టింపయింది. పైగా మూల పిల్లర్‌కు బరువు తక్కువ, మధ్య పిల్లర్‌కు ఎక్కువ. అన్నిటికీ ఒకే సైజు చెప్పాడంటే లెక్క వేయలేదనే అర్థం. ఇది కేవలం అంచనా కోసం వేసిన లెక్క. మీ ఇంటి లెక్కను స్ట్రక్చరల్ ఇంజినీర్ వేసి, సంతకం పెట్టి ఇవ్వాలి.

ఇంజినీర్ రాఫ్ట్ వేయమంటున్నారు. అనవసర ఖర్చా?

నేల మెత్తగా ఉండి, ఫుటింగ్‌ల వైశాల్యం అంతా కలిపితే ఇంటి వైశాల్యంలో సగం దాకా వస్తుంటే రాఫ్ట్ వైపు చూడటం ఇంజినీర్లలో ఉన్న పద్ధతే. అప్పటికే ఫుటింగ్‌ల అంచులు ఒకదానికొకటి తగిలేంత దగ్గరవుతాయి, విడివిడిగా గోతులు తవ్వడమూ కష్టమే. రాఫ్ట్‌కు ఇంకో మేలుంది. సైటులో ఒక మూల నేల కాస్త మెత్తగా ఉన్నా ఇల్లు మొత్తం ఒక్కటిగా కూర్చుంటుంది, ఒక పిల్లర్ మాత్రమే కిందికి దిగడం తగ్గుతుంది. పాత చెరువు జాగాల్లో చాలామంది అందుకే దీన్ని ఎంచుకుంటారు. ఇనుము, కాంక్రీట్ ఎక్కువ పడతాయి, నిజమే. సాయిల్ రిపోర్టులో ఎస్‌బీసీ 20 ఉండి కూడా రాఫ్ట్ అంటే మాత్రం కారణం అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇంటికి పైల్స్ కూడా వేస్తారా? అవి అపార్ట్‌మెంట్లకు కదా?

వేస్తారు. మూడు నాలుగు మీటర్ల దాకా నింపుడు మట్టో పూడికో ఉండి, దాని కింద గట్టి నేల ఉంటే ఆ చెత్తంతా తవ్విపోయడం కంటే పైల్స్ దింపడమే మేలు కావచ్చు. పైల్ తలల మీద క్యాప్, వాటిని కలుపుతూ బీములు వస్తాయి. చిన్న సైటులోకి పెద్ద రిగ్గు రాలేకపోవచ్చు, ఇరుకు వీధి అయితే మెషీన్ ఎలా వస్తుందో ముందే కనుక్కోండి.

మాది గుంటూరు వైపు. నల్లరేగడిలో వేసినట్టే ఇక్కడా వేయమని మా మామయ్య పట్టుబడుతున్నారు. ఏం చెప్పాలి?

మీ మామయ్యగారి అనుభవం అక్కడి నేలకు పూర్తిగా సరైనదే. నల్లరేగడి వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుని బారెడు నెర్రెలు విచ్చుతుంది. దాంతోపాటు ఇల్లూ ఏటా లేస్తూ దిగుతూ ఉంటుంది. అందుకే అక్కడ అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐ వీటిని మన దేశంలో నల్లరేగడి కోసం వాడుకలోకి తెచ్చింది. పైల్ అడుగున ఉబ్బెత్తుగా ఒక బల్బు ఉంటుంది, దాని వెడల్పు సాధారణంగా పైల్ వెడల్పుకు రెండున్నర రెట్లు. తేమ మారని లోతులో, మూడున్నర మీటర్ల దగ్గరో ఇంకా కిందో ఆ బల్బు పాతుకుని ఉంటుంది కాబట్టి పై మట్టి ఉబ్బినా ఇల్లు లేవదు.

బెంగళూరు ఎర్రమట్టికి అలా ఉబ్బే గుణం తక్కువ. ఆ నేలలో అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తే డబ్బు దండగ తప్ప తప్పేమీ జరగదు. దీనికి తిరగబడిన సలహాయే ప్రమాదం. ఇక్కడి మేస్త్రీని ఊరికి తీసుకెళ్లి, బెంగళూరులో వేసినట్టే నల్లరేగడిలో ఐదడుగుల ఫుటింగ్ వేయించడం అసలు చేయకూడని పని. మామయ్యగారికి మీ సాయిల్ రిపోర్టులోని ఫ్రీ స్వెల్ అంకె చూపించండి, నేలను ఎరిగిన మనిషి కాబట్టి వెంటనే అర్థం చేసుకుంటారు.

## డ్రాయింగ్ దశ

హద్దు పక్కన పిల్లర్ వస్తోంది. ఫుటింగ్ పక్క సైటులోకి వెళ్లకూడదు కదా, ఎలా?

చిన్న సైట్లలో అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యం జరిగేది ఇక్కడే. మామూలుగా పిల్లర్ ఫుటింగ్ నడిమధ్యలో నిలబడాలి. హద్దు పక్కన అది కుదరదు కాబట్టి పిల్లర్‌ను ఫుటింగ్ అంచుకు జరిపేస్తారు. అప్పుడు బరువంతా ఒక అంచు మీద పడుతుంది. అక్కడ నేల ఎక్కువ నొక్కుకుపోయి, ఫుటింగ్ ఒరగాలని చూస్తుంది, ఆ వంపు పిల్లర్‌లోకి ఎక్కుతుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. హద్దు పిల్లర్‌ను, లోపలి పిల్లర్‌ను ఒకే కంబైన్డ్ ఫుటింగ్ మీద పెట్టొచ్చు. లేదా రెండు ఫుటింగ్‌లను ఒక బలమైన స్ట్రాప్ బీమ్‌తో కట్టేయొచ్చు. ఆ బీమ్ అంచు ఫుటింగ్‌ను ఒరగనివ్వకుండా లోపలి పిల్లర్ బరువుతో పట్టి ఉంచుతుంది. డ్రాయింగ్ తెరిచి హద్దు వెంట ఉన్న ప్రతి పిల్లర్ కిందా వేలు పెట్టి చూడండి. పిల్లర్ అంచున ఉండి, లోపలి పిల్లర్‌తో ఏ బంధమూ లేకపోతే ఆ డ్రాయింగ్‌ను వెనక్కి పంపండి.

సంప్ ఎక్కడ పెట్టాలి? పిల్లర్ పక్కనైతే ఏమవుతుంది?

కావేరి నీళ్లు, ట్యాంకర్ నీళ్లు నిల్వ చేసుకోవడానికి ఇక్కడ ప్రతి ఇంటికీ సంప్, అంటే నేల కింది నీళ్ల తొట్టి తప్పదు. అది ఏడెనిమిది అడుగుల లోతు వెళ్తుంది. పక్కన ఫుటింగ్ ఐదడుగుల దగ్గరే ఆగితే, సంప్ గొయ్యి ఫుటింగ్ కింది మట్టిని పక్క నుంచి ఖాళీ చేస్తుంది. పక్కపక్కన వేరువేరు లోతుల్లో పునాదులు ఉంటే, ఒక అడుగు లోతు తేడాకు కనీసం రెండడుగుల దూరం ఉండాలన్నది పునాదుల మీద ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1904 చెప్పే నియమం. సంప్‌కూ అదే వాలు పాటించమనండి. మూడడుగుల తేడాకు ఆరడుగుల దూరం థర్టీ ఫార్టీ సైటులో దొరకడం కష్టం. అప్పుడు సంప్ పక్కనున్న ఫుటింగ్‌ను కూడా సంప్ అడుగు దాకా దింపాలి. సంప్‌ను ముందే తవ్వి కట్టేయాలి, ఇల్లు లేచాక తవ్వకూడదు. వాన నీటి ఇంకుడు గుంత సంగతీ అప్పుడే తేల్చుకోండి. బెంగళూరు జలమండలి చట్టానికి 2009లో చేసిన సవరణ ప్రకారం 1,200 చదరపు అడుగులు, అంతకు మించిన సైట్లలో కొత్త ఇళ్లకు వాన నీటి సంరక్షణ తప్పనిసరి. గుంతను పిల్లర్లకు అందినంత దూరపు మూలలో పెట్టండి.

బెంగళూరులో భూకంపాలు రావు కదా, ప్లింత్ బీమ్ మానేస్తే?

మానొద్దు. 2016 నాటి ఐఎస్ 1893 (భూకంపాల ప్రమాణం) పటంలో బెంగళూరు జోన్ 2లో ఉంది, అంటే ముప్పు తక్కువ, అసలు లేదని కాదు. పైగా ప్లింత్ బీమ్ రోజూ చేసే పని వేరే ఉంది. పిల్లర్లను అడుగున ఒకదానితో ఒకటి కట్టి ఉంచుతుంది, కింది అంతస్తు గోడలను మోస్తుంది.

## గోతులు తవ్వే దశ

ఎంత లోతు తవ్వాలి? అందరూ ఐదడుగులే అంటారు.

నేల మట్టం నుంచి కనీసం 50 సెంటీమీటర్లు ఉండాలన్నది ఐఎస్ 1904లో ఉన్న కింది హద్దు మాత్రమే. అసలు లోతు సాయిల్ రిపోర్టు చెప్పాలి. నింపుడు మట్టి ఎంత ఉన్నా దాన్ని దాటి సహజమైన నేలలోకి వెళ్లాల్సిందే. గోతి అడుగున ప్లాస్టిక్ కవర్లు, ఇటుక ముక్కలు, పాత గుడ్డలు కనిపిస్తున్నాయంటే మీరింకా నింపుడులోనే ఉన్నారు. జేసీబీ వెళ్లిపోయాక కదిలిన వదులు మట్టిని చేత్తో తీయించి, దిమ్మిస కొట్టించి, కాంక్రీట్ వేయకముందు ఇంజినీర్‌ను పిలిపించి గోతులు చూపించండి. ఆ ఒక్క రాకకు ఫీజు అడిగినా ఇవ్వండి.

ఒకవైపు గోతుల్లో రాయి తగిలింది, రెండోవైపు మట్టే ఉంది. రాయి తగలడం అదృష్టమే కదా?

ఇల్లంతా రాయి మీదే ఉంటే అదృష్టమే. సగం రాయి మీద, సగం మట్టి మీద ఉంటే జాగ్రత్తపడాలి. మట్టి వైపు కాస్త దిగుతుంది, రాయి వైపు కదలదు, మధ్యలో గోడలు చీలుతాయి. ముందు అది పరుపు రాయో, మట్టిలో ఇరుక్కున్న గుండో తేల్చాలి. బెంగళూరులో గుండ్లు మామూలే. డ్రిల్ చేసి కొన్ని మీటర్లు లోపలికి రాయే ఉందని చూస్తే గానీ నమ్మకూడదు. పరుపు రాయే అయితే మట్టి వైపు ఫుటింగ్‌లను కూడా రాయి దాకా దింపడం, లేదా ఆ తేడాను లెక్కలో పెట్టుకుని డిజైన్ మార్చడం ఇంజినీర్ చేయాల్సిన పని. ఇళ్ల మధ్య పేలుళ్లు కుదరవు. బ్రేకర్ పెట్టి కొట్టడమో, రంధ్రాల్లో రాయిని మెల్లగా చీల్చే పౌడర్ పోయడమో చేస్తారు.

గోతులు తవ్వాక వాన పడి నీళ్లు నిండాయి. ఏం చేయాలి?

నీళ్లు తోడించి, బురదగా మారిన అడుగు పొరను గట్టి నేల తగిలేదాకా తీసేయించండి. అలా లోతు పెరిగిన మేర మట్టి పోసి సరిచేయనివ్వొద్దు, సిమెంటు తక్కువ కలిపే లీన్ కాంక్రీట్‌తో నింపించండి.

పక్కింటి గోడ మా గోతి పక్కనే ఉంది. టెన్షన్‌గా ఉంది.

ఆ టెన్షన్ న్యాయమైనదే. ఆ వైపు అన్ని గోతులూ ఒకేసారి తవ్వొద్దు. ఒకటి వదిలి ఒకటి తవ్వి, కాంక్రీట్ వేసి, మట్టి కప్పాకే తర్వాతిది. పక్కింటి పునాది కంటే లోతుగా వెళ్లాల్సి వస్తే ఇంజినీర్ లేకుండా అడుగు వేయొద్దు. పని మొదలుకాకముందే పక్కింటివాళ్లను పిలిచి, వాళ్ల గోడల మీద అప్పటికే ఉన్న పగుళ్లను ఇద్దరూ కలిసి ఫోటోలు తీసుకోండి.

చెదల మందు ఎప్పుడు కొట్టించాలి?

పునాది దశలోనే మొదలుపెట్టాలి. ప్లింత్‌లో మట్టి నింపి చదును చేశాక, ఫ్లోర్ కాంక్రీట్ వేయకముందు చదరపు మీటరుకు 5 లీటర్ల ద్రావణం పడాలని ఐఎస్ 6313 చెబుతుంది. పలచగా చిలకరించి వెళ్లిపోతే లాభం లేదు.

## కాంక్రీట్ వేసే దశ

ఫుటింగ్ కాంక్రీట్‌లో మేం దగ్గరుండి ఏం చూడాలి?

అడుగున మూడు నాలుగు అంగుళాల పీసీసీ (ఇనుము లేని కాంక్రీట్ పొర) పడిందా, ఇనుప జాలీ దానిమీద ఆనకుండా కవర్ బ్లాకుల మీద ఉందా చూడండి. ఐఎస్ 456 ప్రకారం ఫుటింగ్‌లో ఇనుముకు కనీసం 50 మిల్లీమీటర్ల కవర్, అంటే ఇనుము మీద కప్పే కాంక్రీట్ మందం ఉండాలి, ఆర్‌సీసీకి కనీసం ఎం20 గ్రేడు కాంక్రీట్ ఉండాలి. కవర్ కోసం రాతి ముక్కలు, టైల్ ముక్కలు పెడుతుంటే తీయించి సిమెంటు బ్లాకులే పెట్టించండి. పిల్లర్ కడ్డీలు అడుగున ఎల్ ఆకారంలో వంగి జాలీ మీద కూర్చోవాలి. పని తేలికని మాలులో నీళ్లు పోస్తారు. అది మాత్రం ఒప్పుకోవద్దు, ఎక్కువైన ప్రతి బకెట్ నీరూ బలాన్ని తగ్గిస్తుంది. వైబ్రేటర్ సైటులో ఉండి, పనిచేస్తోందని పోయడానికి ముందే చూసుకోండి.

ఎన్ని రోజులు నీళ్లు కట్టాలి?

మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు. ఇప్పుడు ఎక్కువగా దొరికే, ఫ్లై యాష్ కలిపిన పీపీసీకి కనీసం 10 రోజులు. ఫుటింగ్ మీద గోనె సంచులు పరిచి తడుపుతూ ఉండటం తేలిక.

ప్లింత్ లోపల మట్టి ఎలా నింపాలి?

ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పొరలుగా వేసి, తడిపి, ఒక్కో పొరనూ దిమ్మిసతోనో మెషీన్‌తోనో గట్టిపరచాలి. లారీ మట్టి ఒక్కసారే గుమ్మరించి పైన నీళ్లు పెడితే, రెండు మూడు వానాకాలాలకు టైల్స్ కింద డొల్ల శబ్దం వస్తుంది. గోతుల్లోంచి తీసిన బంకమట్టిని మళ్లీ లోపల పోయొద్దు, గ్రావెల్ మట్టి తెప్పించండి.

## ఇల్లు లేచాక

గోడ మీద పగుళ్లు వచ్చాయి. పునాది దిగినట్టేనా?

అన్ని పగుళ్లూ పునాదివి కావు. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత సన్నగా సాలెగూడులా ఉన్నవి సిమెంటు ఆరేటప్పుడు వచ్చినవి. బీమ్‌కూ గోడకూ మధ్య అడ్డంగా నడిచేవి రెండు వేరు వస్తువులు కలిసే చోటు పగుళ్లు. అనుమానించాల్సింది కిటికీ మూల నుంచి ఏటవాలుగా, ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా దిగుతూ, ఒక చివర వెడల్పుగా ఉండేవాటిని. పగులుకు అడ్డంగా చిన్న గాజు ముక్కను రెండు వైపులా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాయండి. గాజు విరిగితే పగులు ఇంకా కదులుతోందని అర్థం. అప్పుడు పుట్టీ పూసి రంగు వేయకండి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవండి. దానికంటే ముందు సంప్ కారుతోందా, డ్రైనేజ్ పైపు పగిలి పునాది పక్క మట్టిలోకి నీరు పోతోందా చూసుకోండి. చాలాసార్లు కారణం అదే.

గ్రౌండ్ ప్లస్ వన్ కోసం కట్టిన ఇంటి మీద ఇంకో రెండంతస్తులు అద్దెకు వేద్దామనుకుంటున్నాం. పునాది మోస్తుందా?

పాత స్ట్రక్చరల్ డ్రాయింగ్ దొరికితే సగం పని అయినట్టే. దొరక్కపోతే ఒకటి రెండు పిల్లర్ల పక్కన జాగ్రత్తగా తవ్వి ఫుటింగ్ సైజు, లోతు కొలిపించి, పిల్లర్లలో ఇనుము ఎంతుందో స్కానర్‌తో చూపించి, మట్టి పరీక్ష చేయించాక ఇంజినీర్ లెక్క వేయాలి. రెండు స్లాబుల బరువు నాలుగు స్లాబులదైతే ఫుటింగ్ మీద పడేది రెట్టింపు. పిల్లర్లకు జాకెటింగ్ (చుట్టూ అదనపు ఇనుము, కాంక్రీట్ వేసి లావు చేయడం) చేయించుకుంటే చాలని చెప్పేవాళ్లుంటారు. పిల్లర్ లావైనంత మాత్రాన దాని కింది నేల మోసే బరువు పెరగదు, కాబట్టి ఫుటింగ్‌ను కూడా పెంచాల్సి రావచ్చు. లెక్క కుదరకపోతే ఆ రెండంతస్తులు వదులుకోండి. కింద మీ పిల్లలూ, అద్దెకుండేవాళ్లూ నిద్రపోతారు.